పొడుగు కొలిచిన పెట్టె

మా సందు చివరి ఫర్నిచర్ దుకాణంలో ఈ పొద్దున కొత్త తలుపులకు పాలిష్ పట్టిస్తున్నారు. స్పిరిటూ లక్కా కలిసిన ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. నలభై ఏళ్లు ఆ వాసనలోనే బతికినవాణ్ని. అన్నం కలిపే చేతికీ అదే వాసన, కప్పుకునే దుప్పటికీ అదే వాసన. వడ్రంగం మానేసి జనగామ చేరాక కూడా అది నన్ను వదల్లేదు. కాకపోతే ఇప్పుడు అది తగిలితే నాకు తలుపులూ మంచాలూ గుర్తుకురావు. భూపాలపల్లిలో ఒక గని కార్మికుడి క్వార్టర్, ముందుగదిలో గోడకు ఆనించిన నిలువుపాటి పెట్టె, అందులో కొమ్మ మీద కొమ్మలాగే ఉండిపోయిన ఒక ఆకుపచ్చ పాము గుర్తుకొస్తాయి.

నేను పాములు పెంచినవాణ్ని. అవి మామూలు పాములు కూడా కావు, చెట్ల మీద బతికే పసిరిక పాములు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో ఏడు పసిరిక పాములను మెడలో దండలా వేసుకుని భూపాలపల్లి బజారులో ఊరేగింపు ముందు నడిచాను. సన్నగా, పొడుగ్గా అవి నా ఛాతీ మీద ఊగుతుంటే, ఎదురొచ్చిన పోలీసులు లాఠీలు దించి దారి ఇచ్చారు. జనగామలో నన్ను ఎరిగినవాళ్లందరూ ఈ కథ విన్నారు. స్టేషన్ ముందరి హోటల్లో కొందరు చాయ్ ఇప్పించి మరీ రెండోసారి చెప్పించుకున్నారు.

నోటితో చెప్పడం వేరు, రాయడం వేరు. కాగితం మీద పెట్టేసరికి ఆ ఏడు అనే అంకె నన్నే చూసి నవ్వుతోంది. మూడు అనుకోండి. సరే, మూడు కూడా కాదు. ఒక్కటే పాము. అది నా మెడలో ఏనాడూ లేదు, దస్రన్న ముంజేతికి చుట్టుకుని ఉండేది. నేను పది అడుగుల అవతల, అవసరమైతే మూసేయడానికి వీలుగా తలుపు రెక్క పట్టుకుని నిలబడేవాణ్ని. పోలీసులు దారి ఇచ్చిన మాట మాత్రం నిజం. దవాఖానకు పోతున్న ఒక నిండు చూలాలికి ఇచ్చారు. ఆమె వెనకాలే నేనూ దాటేశాను.

దస్రన్న మహబూబాబాద్ దగ్గరి ఒక లంబాడా తండాలో పుట్టినవాడు. భూపాలపల్లి బొగ్గుగనిలో టింబర్‌మన్. అంటే గని లోపల పైకప్పు కూలిపోకుండా కర్రదుంగలు నిలబెట్టే మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను లింగాల ఘనపూర్ వైపు వాణ్ని. ఊళ్లో నాగళ్లు చేయించుకునేవాళ్లు తగ్గిపోయాక, క్వార్టర్లకు తలుపులు బిగించే పని మీద భూపాలపల్లి వెళ్లి, అక్కడే ఒక రేకుల షెడ్డులో దుకాణం పెట్టుకున్నాను. ఇద్దరం కర్రతోనే బతికేవాళ్లం. అయితే నేను కర్రను చూసేవాణ్ని, ఆయన వినేవాడు. గనిలో పైకప్పును కర్రతో తట్టి, గట్టి చప్పుడొస్తే ముందుకు అడుగు వేసేవాడు, బోలు చప్పుడొస్తే పక్కనున్నవాళ్లను వెనక్కి నెట్టేవాడు. ఆ అలవాటు భూమి పైకి వచ్చాక కూడా పోయేది కాదు. నా దుకాణంలోకి వస్తే కనపడిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టేవాడు. “గిది లోపల పుచ్చింది తమ్మీ” అనేవాడు. నేను ఒప్పుకునేవాణ్ని కాదు. కోసి చూస్తే పుచ్చే ఉండేది.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. క్వార్టర్ల పని చేయించే మేస్త్రీ కోస్తా నుంచి వచ్చినవాడు. మేం ‘గిట్ల, గట్ల’ అంటే సినిమాలో తమాషా చూసినట్టు నవ్వేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. అదే నేను, దస్రన్న ఇంట్లో భార్యతో లంబాడా మాటలో మాట్లాడుతుంటే పక్కకు తిరిగి నవ్వేవాణ్ని. తర్వాత తెలంగాణ సమ్మె శిబిరంలో మన భాషను గౌరవించాలని గొంతు చించుకుని మాట్లాడాను. ఆ రెండూ ఒక్క నోటితోనే చేశాను.

గనికి దుంగలు లారీల మీద వచ్చేవి. వానాకాలంలో వాటితో పాటు పచ్చి కొమ్మలూ తీగలూ చిక్కుకుని వచ్చేవి, ఆ తీగల్లో అప్పుడప్పుడు పసిరిక పాములు. తీగ ఏదో పాము ఏదో తెలియదు. మొన తేలిన ముక్కు, సన్నటి ఒళ్లు, గాలికి ఆకు ఊగినట్టు ఊగడం. నేను చెక్కముక్కల కోసం దుంగల యార్డుకు వెళ్లిన ఒకనాడు నలుగురు హమాలీలు కర్రలు పట్టుకుని ఒక దాన్ని చుట్టుముట్టారు. దస్రన్న మధ్యలోకి చొరబడ్డాడు.

“ఏయ్, ఇడువుండ్రి! ఏం జేసింది అది మిమ్ముల?”

“పసిరికె అన్నా! ఎగిరి కండ్లు పొడుస్తది!”

“నీ కండ్లు దానికెందుకురా? దేశంల తొండలు గిట్ల కరువైనయా?”

హమాలీలు నవ్వారు, కర్రలు దిగాయి. దస్రన్న తువ్వాలను చేతికి చుట్టుకుని, వంగి, లేత తీగను తీసినంత మెల్లగా దాన్ని పైకెత్తాడు. అలా ఎన్నో ఎత్తి, పొద్దు గూకేలోగా అడవి అంచున వదిలిపెట్టేవాడట. ఈ పాముకు మాత్రం నడుము మీద దుంగ పడింది. కంచె పక్కనున్న వేపకొమ్మ మీద పెడితే ముందు సగం పట్టుకుంది, వెనక సగం జారిపోయింది. మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లూ కింద పడింది. నాలుగోసారి పెట్టకుండా చేతికే చుట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ఇప్పుడు ఇట్లాంటి పని చేస్తే అటవీశాఖవాళ్లు ఊరుకోరు. అప్పుడూ ఊరుకునేవాళ్లు కాదు, వాళ్లకు తెలియలేదంతే.

ఆయన భార్య కేస్లి వదిన గడపలోనే అడ్డం నిలబడింది. “అందరి మొగండ్లు గని నుంచి బొగ్గు తెస్తరు, నువ్వు పామును తెచ్చినవా?” అంది. అని, పక్కకు జరిగి లోపలికి రానిచ్చింది. దానికి కోరలు గొంతు దగ్గర వెనకెక్కడో ఉంటాయనీ, తొండను చంపే విషమే తప్ప మనిషిని చంపేది కాదనీ ఆయన చెప్పాడు. ఆమె నమ్మింది. నేను నమ్మినట్టు తలాడించాను. దస్రన్న దాన్ని ‘యాడీ’ అని పిలిచేవాడు. వాళ్ల మాటలో అమ్మ అని అర్థం. నాకది ‘యాది’ అని వినిపించి, ఈయన దేన్ని యాది చేసుకుంటున్నాడా అని చాలా రోజులు అనుకున్నాను.

మొదట దాన్ని కోళ్ల గంప కింద పెట్టారు. నేల మీద అది ముడుచుకుపోయి, గంప ఈనెలకు ముక్కు రాసుకుని పుండు చేసుకుంది. అప్పుడు దస్రన్న నా దుకాణానికి వచ్చాడు. “తమ్మీ, యాడికి ఒక పెట్టె గావాలె. అది నా కండ్ల ముందర బతకాలె. మంచిగ ఆలోచించి చెయ్యి” అన్నాడు.

ఆలోచించడమెందుకు? నేను భూపాలపల్లిలో పేరున్న వడ్రంగిని. ఎంత పొడుగుందని అడిగాను. నాలుగు అడుగులన్నాడు. ఐదడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు పెట్టి, టేకు చట్రం వేశాను. పైన అద్దం, అడుగున మెత్తటి ఆకుపచ్చ ముఖమల్ గుడ్డ, నాలుగు మూలలా చెక్కిన పువ్వులు. రెండుసార్లు పాలిష్. తోపుడుబండి మీద పెట్టించి, పెళ్లికి సామాను తీసుకుపోతున్నట్టు క్వార్టర్ల లైను పొడుగునా నడిచి వెళ్లాను. క్వార్టర్ల ఆడవాళ్లు బయటికొచ్చి చూశారు. దస్రన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి, నా వైపు చూశాడు.

“ఇందుల ఎవలుంటరు తమ్మీ?”

“ఎవలేంది? పామే.”

“ఎట్ల ఉంటది?”

“సాపుగ పండుకుంటది. ఇంకా అడుగు జాగ మిగుల్తది.”

ఆయన నవ్వలేదు. “పొడుగు కొలిచి చేసేది పాడె” అన్నాడు. “సచ్చినోనికి పొడుగు చాలు. బతికేదానికి పెట్టె జేసేటప్పుడు ఎంత పొడుగున్నదని అడుగొద్దు, ఎట్ల బతుకుతదని అడుగు. అది పుట్టినకాన్నుంచి నేల మీద పండుకున్నదా ఎన్నడన్న?”

లైనులో ఆడవాళ్లు వింటుండగా ఆ మాట అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. కొలత తీసుకోవడం నాకు నేర్పిన మా నాయన కూడా నన్ను అంత మాట అనలేదు. దస్రన్న మాత్రం నా ముఖం చూడకుండానే ఒక బొగ్గుముక్క తీసుకుని గోడ మీద గీయడం మొదలుపెట్టాడు. “గిట్ల నిలువుగ” అన్నాడు. మనిషి నడుము దగ్గరే ఆగిపోకూడదు, రొమ్ము దాకా రావాలి. కొమ్మలు అడ్డంగా, ఒకటి కింద, ఒకటి మధ్యన, ఒకటి పైకి. దాని ఒంటి కంటే మరీ లావు ఉండకూడదు, పట్టు దొరకదు. నడుము విరిగింది కాబట్టి కొమ్మకూ కొమ్మకూ ఎడం తక్కువ ఉండాలి, జారితే కింది కొమ్మ అందుకోవాలి. ఆకులు నిండుగా ఉండాలి, దాక్కోవడానికి చోటు లేకపోతే అది భయంతోనే పోతుంది. ఇనుప జాలీ వద్దు, ముక్కు కోసుకుంటుంది. దోమల జాలీలాంటి మెత్తటిది రెండు పక్కలా కొట్టాలి, గాలి ఈ వైపు నుంచి వచ్చి ఆ వైపుకు పోవాలి. తలుపు ముందుకు తెరుచుకోవాలి, పైనుంచి చెయ్యి వస్తే గద్ద అనుకుంటుంది. సందు చిటికెన వేలంత కూడా మిగలకూడదు.

“ఇవన్నీ నీకెవరు చెప్పిండ్రన్నా?” అని అడిగాను.

“ఎవలు చెప్తరు? యార్డుల పొద్దంత కూసుంటే అవే చెప్తయ్. నువ్వు జర సేపు సూడు, నీకు గూడ చెప్తయ్.”

నేను చూడలేదు. ఆయన చెప్పింది చేశానంతే. అది కూడా పూర్తిగా చేయలేదు. ముందు తలుపుకు అద్దమే కావాలని పట్టుబట్టాను, చూసేవాళ్లకు అందంగా ఉంటుందన్నాను. అసలు సంగతి, జాలీలోంచి ఆ మొనదేలిన ముక్కు నా కంటి వైపు వస్తుందని భయం. ఆయన ఆలోచించి, ఒక్క పక్క అద్దం ఉంటే పరవాలేదన్నాడు. పాలిష్ వద్దన్నాడు. నేను పట్టించాను. పాలిష్ లేకుండా నా చేతి వస్తువు బయటికి పోవడం నాకు చొక్కా లేకుండా బజారుకు పోయినట్టు. వాసన చూసి ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత ఆ పెట్టెను మూడు వారాలు ఎండలో పెట్టి, రోజూ లోపల తల పెట్టి వాసన చూసి, వాసన పూర్తిగా పోయాకే యాడిని లోపలికి వదిలాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. వాసన పూర్తిగా పోయింది. నా మొదటి పెట్టెను వదిన మిరపకాయలు పోసుకోవడానికి తీసుకుంది. “ముఖమల్ మీద మిరపకాయలు! మాకంటె అవే మంచిగ బతుకుతున్నయ్” అంది.

యాడి ఆ నిలువు పెట్టెలో ఎలా బతికిందో చెప్పాలి. మొదటి రోజు కింది కొమ్మ మీదే ఉంది. వారానికి మధ్య కొమ్మకు ఎక్కింది. వెనక సగం వేలాడేది, ముందు సగంతో లాక్కునేది. నెల తిరిగేసరికి పై కొమ్మ మీద, ఆకుల మధ్య, అద్దం లోంచి చూస్తే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. గని నుంచి వచ్చి స్నానం కూడా చేయకుండా దస్రన్న స్టూలు వేసుకుని పెట్టె ముందు కూర్చునేవాడు. ముఖమంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. పచ్చి కొమ్మలు నీళ్ల సీసాలో గుచ్చి పెట్టి రెండు రోజులకొకసారి మార్చేవాడు. ఒక చిన్న పిచికారీ సీసాతో పొద్దున, సాయంత్రం ఆకుల మీద నీళ్లు జల్లేవాడు. యాడి గిన్నెలో నీళ్లు తాగదు. ఆకు చివర వేలాడే బొట్టును, పక్కకు ఒరిగి, మొనతో అందుకుని తాగుతుంది. అది తాగుతుంటే ఆయన గొంతు కదిలేది. పగలంతా చీకట్లో దుంగలు నిలబెట్టే మనిషికి అదొక్కటే పచ్చదనం.

ఇక సమ్మె వచ్చింది. గనులు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, బళ్లు మూతపడ్డాయి. జీతం లేదు. తండాలో మొక్కజొన్న కోతకొచ్చింది, చేతులు కావాలి. దస్రన్నా వదినా నాలుగు రోజుల్లో వస్తామని మహబూబాబాద్ వైపు పోయే ఒక డీసీఎం వ్యాను ఎక్కారు. పోయే ముందు తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

“తమ్మీ, తిండి అక్కరలేదు, మొన్ననే తిన్నది. నీళ్లు ఒక్కటి మరువకు. పొద్దుమాపు ఆకుల మీద జల్లు. తలుపు తీసి లోపలిదాంక జల్లాలె, అద్దం మీద జల్లితె పాయిద లేదు. ఏమనది. నువ్వు దాని జోలికి పోకుంటె అది నీ జోలికి రాదు.”

“నువ్వు పరేషాన్ గాకు. నా బిడ్డ లెక్క సూసుకుంట” అన్నాను.

హోటల్లో చెప్పేటప్పుడు ఇక్కడ నేను ముళ్లకంచెలు దాటుకుంటూ, రాళ్లవాన మధ్య రోజూ ఆ పాము దగ్గరికి పోయినట్టు చెబుతాను. అసలు జరిగింది ఇది. మొదటిరోజు హెల్మెట్ పెట్టుకుని వెళ్లాను. కళ్లు పొడుస్తుందన్న మాట చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయింది, దస్రన్న ఎంత చెప్పినా బయటికి పోలేదు. హెల్మెట్ అద్దం దించుకుని, చేతులకు సంచులు కట్టుకుని, తలుపు తీసి నీళ్లు జల్లి, మూసేసి బయటికి వచ్చాను. రెండో రోజు కూడా అంతే. బయటికి వచ్చేసరికి పక్క క్వార్టర్ లచ్చవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్లు పంపు దగ్గర నిలబడి ఉన్నారు.

“ఏందే సోమన్నా, బండి లేకుంట హెల్మెట్ పెట్టుకొని ఏడికి?” అంది లచ్చవ్వ.

“లోపల పోలీసోళ్లున్నరేమో!” అంది ఇంకొకామె.

“పోలీసోళ్లు గాదక్కా, పాము! గజమంత మనిషి, దారమంత పాముకు భయపడుతుండు!”

పంపు దగ్గర బిందెలు కూడా నవ్వినట్టు అనిపించింది. ఆ సాయంత్రమే నేను శిబిరంలో మాట్లాడాలి. శిబిరం పందిరి నేను వేసిందే, మైకు ముందు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. అప్పటికే హెల్మెట్ సంగతి అక్కడికి పాకింది. నేను ‘మనం దేనికీ భయపడం’ అనగానే వెనక నుంచి ఎవరో ‘హెల్మెట్ ఏదన్నా?’ అని అరిచారు. జనం నవ్వులు. మేస్త్రీ నవ్వితే ఒళ్లు మండింది. మనవాళ్లు నవ్వితే తలెత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున చీకటి విడవక ముందే క్వార్టర్‌కు పోయి, తలుపు ఇంత తెరిచి, చెయ్యి మాత్రం పెట్టి, వెడల్పాటి పళ్లెంలో నిండా నీళ్లు పోసి పెట్టెలో అడుగున పెట్టి వచ్చేశాను. దాహమైతే తాగకపోతుందా అనుకున్నాను. గిన్నెలో తాగదని నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను. సమ్మెకు మద్దతుగా రోడ్డు మీదే వంటావార్పు నడుస్తోంది, పొయ్యిల కట్టెలు నేనే చీల్చాను, డప్పులు, పాటలు, పప్పూ అన్నం. ఎవరికైనా ఆ రోజుల్లో ఇల్లు గుర్తుకొచ్చేదా? రెండు రోజులు అటు పోలేదు. తర్వాత బుద్ధి తెచ్చుకుని పోయి నీళ్లు జల్లాను కానీ, అప్పటికే దాని ప్రాణం వాడిపోయింది.

నాలుగు రోజులన్నవాళ్లు, దారి దొరక్క పద్నాలుగు రోజులకు వచ్చారు. దస్రన్న ఒక ట్రాక్టర్ మీద నిలబడి వచ్చాడు. నేను గుమ్మంలోనే ఎదురయ్యాను. యాడి పై కొమ్మ మీద, తాను ఎప్పుడూ ఉండే చోటే ఉంది. “పండుకున్నదన్నా” అన్నాను. ఆయన తలుపు తెరిచి వేలితో మెల్లగా తట్టాడు. పైకప్పును తట్టే మనిషి. ఆ చప్పుడు ఆయనకు ఏం చెప్పిందో, రెండోసారి తట్టలేదు. తర్వాత కొమ్మతో సహా బయటికి తీశాడు. ఎండిన తీగలా కొమ్మను పట్టుకునే ఉంది. నడుము విరిగినది, చచ్చాక కూడా జారలేదు.

“ఏమైంది తమ్మీ?”

వాళ్లు వస్తున్నారని తెలియగానే పోయి పళ్లెం ముందే తీసేశాను. నా నోట్లోంచి ఒక్క మాట వచ్చింది. “పాలిష్ అన్నా. ఎండకు మళ్లీ వాసన లేసింది. నువ్వు వద్దన్నా నేనే కొట్టిన. తప్పు నాదే.”

చూడండి, తప్పు ఒప్పుకున్నట్టే ఉంది. చేయని తప్పును ఒప్పుకుని చేసిన తప్పును దాచాను. ఆయన నన్ను తిట్టలేదు. “నీది గాదు. నేనే జర తొందరపడ్డ. ఇంకొన్ని దినాలు ఎండల పెట్టాల్సుండె” అన్నాడు. తర్వాత వారం రోజులు గాజుపెంకుతో ఆ పెట్టె పాలిష్ గీకాడు. బొగ్గు దుమ్ముకు ముందే పాడైన ఊపిరితిత్తులు, దగ్గుతూ గీకాడు. నేను పక్కన కూర్చుని ఇంకో పెంకుతో గీకాను. పక్క పక్కనే కూర్చున్నాం, భుజాలు తగిలాయి, చెప్పలేదు.

గీకడం అయ్యాక కూడా ఆ పెట్టెలో ఏ పామునూ పెట్టలేదు. “మన పెట్టెలు వాటికి పడయ్ తమ్మీ” అన్నాడు. మరుసటి వానాకాలం దెబ్బతిన్న పసిరికలు రెండు వచ్చాయి. ఆయన వాటిని ఇంటికి తీసుకుపోకుండా కంచె చెట్టు మీదే పెట్టాడు. పొద్దున వచ్చి చూస్తే ఒకటి కనపడలేదు, రెండోది లారీ టైరు కింద ఉంది. ఆ పెట్టెలో తప్పు లేదు. ఆయన గీసిన ఆ పెట్టె నా జీవితంలో నేను చేసిన వస్తువులన్నింటికంటే సరైనది. ఆ ఒక్క మాట చెబితే ఆయన మళ్లీ స్టూలు వేసుకుని దాని ముందు కూర్చునేవాడు. తెలంగాణ వచ్చింది, రంగులు చల్లుకున్నాం, ఆయన నన్ను కావలించుకున్నాడు, అప్పుడూ చెప్పలేదు. రిటైరై తండాకు పోయాడు. ఊపిరి ఆడక మంచం పట్టాక రెండుసార్లు చూసి వచ్చాను. రెండోసారి, వచ్చినవాళ్లెవరితోనో “పాలిష్ కొట్టిన పెట్టెల జీవాన్ని పెట్టొద్దు బిడ్డా” అని చెబుతున్నాడు. నేను తల వంచుకుని నారింజ తొనలు వలిచాను.

ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లు. నాకు మిగిలింది ఒక ప్రశ్న. ఆ తర్వాత ఎవరు ఏం చేయమని వచ్చినా టేపు తీసేముందు ‘ఇందులో ఉండేదెవరు, ఎట్లా బతుకుతారు’ అని అడగకుండా చెక్క కోయలేదు. మోకాళ్లు వంగని ముసలామెకు మంచం ఎత్తు పెంచాను. కంటిచూపు మందగించిన దర్జీకి బల్ల అంచులు గుండ్రంగా తీశాను. జనం మెచ్చుకుంటే నా తెలివే అన్నట్టు మీసం దువ్వుకున్నాను. ఆ ప్రశ్న ఎవరిదో, దాన్ని నాకు ఇచ్చిన మనిషిని నేను ఏం చేశానో ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం ఇదంతా రాసుకుని, జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో తండాకు వెళ్లాను. కేస్లి వదిన వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. వెంట్రుకలు పూర్తిగా నెరిశాయి, గొంతు మాత్రం అదే. కాగితాలు తీసి మొదటి నుంచి చదివాను. ఏడు పాముల దగ్గర ముక్కుతో నవ్వింది. హెల్మెట్ దగ్గర నవ్వలేదు. పాలిష్ అబద్ధం దగ్గర ఒలవడం ఆపింది. చదవడం అయిపోయాక కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను.

“మాఫ్ జెయ్యి వదినె” అన్నాను. “అన్నకు చెప్పాల్సింది. చెప్పలేకపోయిన.”

“నాకు అప్పుడే తెల్సు” అంది. “పెట్టెలున్న కొమ్మలు తీసి పారేసింది నేనే గద. సీసల సుక్క నీళ్లు లేవు. ఆకులు చేతిల పట్టుకుంటె బీడీ ఆకు లెక్క పొడైనయ్. నీళ్లు జల్లిన ఆకు గట్ల ఎండుతదా? పంపుకాడ లచ్చవ్వను గూడ అడిగిన.”

“మరి అన్నకు ఎందుకు చెప్పలె?”

“చెప్తె నిన్ను గడప తొక్కనియ్యకపోవు. గనిల దోస్తులు గనిలనే ఉంటరు. ఇంటిదాంక వచ్చేటోనివి నువ్వొక్కనివే.” మళ్లీ ఒక కాయ తీసుకుంది. ఒలవకుండా నా ఒళ్లో ఉన్న కాగితాల వైపు దాన్ని చూపించింది. “అన్ని మంచిగనే రాసినవ్. ఒక్కకాడ తప్పు రాసినవ్ సోమన్నా. రెండు దినాలు పోలేదని రాసినవ్. నీళ్లు జల్ల రెండు దినాలే పోయినవ్. దిద్దు.”